అంపైర్‌ లేని ఆటకు ఇన్ని రూల్సా?

“అవుటైనవ్‌... చిర్ర పట్టిండు!”

“పట్టలే... కింద పడ్డంక అందుకున్నడు!”

“దేవుని తోడు... చేతులనే పడ్డది!”

“తొండి... తొండి!”

పాత కరీంనగర్‌, ఆదిలాబాద్‌ జిల్లాల్లో చిర్రగోనె ఆడిన ఏ వాడకట్టుకైనా ఈ పంచాయితీ కొత్త కాదు. ఆ ఆటకు అంపైర్‌ ఉండడు. చూసినవాడే సాక్షి, గొంతు పెద్దగా ఉన్నవాడిదే న్యాయం. చివరికి ‘సరే, మళ్ళా కొట్టు’ అనే రాజీతోనో, గోనె భుజాన వేసుకుని ఒకడు అలిగి ఇంటికి పోవడంతోనో ఆ పూటకు ఆట ముగుస్తుంది. కర్రతో కొట్టడం, దూరం చూసుకోవడం, పక్కన అంపైర్‌ లేకపోవడం... ఈ మూడూ ఉన్న ఆట ప్రపంచంలో ఇంకొకటుంది. అదే గోల్ఫ్‌. కాకపోతే అక్కడ తొండి చేస్తే అరిచేవాళ్ళుండరు. చేసినవాడే చెయ్యెత్తి ‘నాది తప్పు’ అనాలి!

ఈ ప్రాంతంలో గల్ఫ్‌ తెలియని ఊరు లేదు కానీ గోల్ఫ్‌ తెలిసినవాళ్ళు తక్కువ. విచిత్రం ఏమిటంటే ఆ రెండూ కలిసే చోటు కూడా ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్‌ వైపు నుంచి ఎంతోమంది బతుకుదెరువుకు వెళ్ళే దుబాయ్‌లోనే 1988లో ఎమిరేట్స్‌ గోల్ఫ్‌ క్లబ్‌ మొదలైంది. మధ్యప్రాచ్యంలో పచ్చగడ్డితో వేసిన తొలి గోల్ఫ్‌ కోర్సు అది. అంతకుముందు అక్కడివాళ్ళు ఎడారిలోనే ఆడేవారు. ఇసుకలో నూనె కలిపి చదును చేసి, దాన్నే ‘గ్రీన్‌’ అనుకునేవారు. గోధుమరంగులో ఉండే ఆ గ్రీన్‌లకు ‘బ్రౌన్‌’లని పేరు. నేల మారినా ఆటగాళ్ళు ఆట మాత్రం మానుకోలేదు. గోల్ఫ్‌ రూల్స్‌ పుట్టుకలోని కిటుకు కూడా ఇదే. నేల ఎలా ఉంటే అలాగే ఆడాలి.

2021 ఆగస్టు 7న మన దేశంలో చాలామంది పొద్దున్నే టీవీలకు అతుక్కుపోయారు. టోక్యో ఒలింపిక్స్‌లో అదితీ అశోక్‌ పతకం కోసం ఆడుతోంది మరి! ఒకే ఒక్క స్ట్రోక్‌ తేడాతో కాంస్యం చేజారి ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. ‘బర్డీ అంటే ఏమిటి... బోగీ అంటే రైలు పెట్టెనా’ అని ఇంటింటా అడిగిన రోజది. ఆ తర్వాత టీవీలో గోల్ఫ్‌ కనిపిస్తే చానెల్‌ మార్చకుండా చూసేవాళ్ళు పెరిగారు. వాళ్ళతోపాటు సందేహాలూ పెరిగాయి. వాటిలో తరచూ వినిపించేవి ఇవి.

గెలిచిందెవరో ఎలా తెలుస్తుంది?

క్రికెట్లో ఎక్కువ కొట్టినవాడు గొప్ప. గోల్ఫ్‌లో తక్కువ కొట్టినవాడు గొప్ప. బంతిని మొదటిచోట నుంచి గుంటలో పడేయడానికి ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే లెక్క. ఒక్కో దెబ్బనూ స్ట్రోక్‌ అంటారు. పూర్తి కోర్సులో 18 గుంటలుంటాయి. మంచి ఆటగాడికి ఒక్కో గుంటకూ ఎన్ని స్ట్రోకులు సరిపోతాయో ముందే నిర్ణయిస్తారు. అది ‘పార్‌’. మూడు, నాలుగు లేదా అయిదు ఉంటుంది. పార్‌కన్నా ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. అన్ని పార్‌లూ కలిపితే చాలా కోర్సుల్లో 72 వస్తుంది.

గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. అంటే నాలుగంగుళాల పైచిలుకు. బంతి బరువు 46 గ్రాములు దాటకూడదు. సంచిలో కర్రలు, అదే ‘క్లబ్‌’లు పద్నాలుగుకు మించకూడదు. తక్కువుంటే అభ్యంతరం లేదు. ఒక్క కర్రతో ఆడతానన్నా కాదనేవాళ్ళు లేరు!

కర్ర ఊపితే బంతికి తగలకపోతే?

కొట్టాలనే ఉద్దేశంతో ఊపితే తగలకపోయినా ఒక స్ట్రోక్‌ లెక్కే. ‘ఉత్తగనే ఊపిన’ అంటే చెల్లదు... నిజంగా ఉత్తినే ఊపితే తప్ప. ఆ నిజం తెలిసేది ఊపినవాడికే. ఆట మొదట్లో బంతిని టీ అనే చిన్న పుల్లమీద నిలబెడతారు. కొట్టకముందే చెయ్యో కర్రో తగిలి అది కింద పడితే మాత్రం తప్పులేదు. తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. మొదటి దెబ్బ వేశాకే బంతి ‘ఆటలోకి’ వచ్చినట్టు.

బంతి పొదల్లోకి పోతే ఎంతసేపు వెతకాలి?

మూడు నిమిషాలు. 2019 దాకా అయిదు నిమిషాలుండేది. ఆట నత్తనడక నడుస్తోందని తగ్గించారు. మూడు నిమిషాల ఒక్క సెకనుకు దొరికినా అది పోయిన బంతి కిందే లెక్క. అప్పుడు ఎక్కడ నుంచి కొట్టారో అక్కడికే వెనక్కి వెళ్ళి మళ్ళీ కొట్టాలి. పైగా ఒక స్ట్రోక్‌ జరిమానా. అంటే మొదటి దెబ్బ బంతి పోతే, మళ్ళీ కొట్టేది రెండోది కాదు... మూడోది!

అంతదూరం వెళ్ళి, వెతికి, మళ్ళీ నడిచిరావడమెందుకని ఒక వెసులుబాటు ఇచ్చారు. బంతి పోయిందేమోనని అనుమానం వస్తే అక్కడే ఇంకో బంతి కొట్టి ఉంచుకోవచ్చు. దాన్ని ‘ప్రొవిజనల్‌’ బంతి అంటారు. అయితే కొట్టేముందే ఆ మాట పైకి చెప్పాలి. చెప్పకుండా కొడితే మొదటి బంతి కళ్ళెదుట దొరికినా పనికిరాదు. మనసులో అనుకున్నానంటే కుదరదు.

తెల్లగుంజలు దాటిపోతే?

తెల్లగుంజలు పొలిమేర లాంటివి. బంతి మొత్తం గీత అవతల ఉంటేనే హద్దు దాటినట్టు. కొంచెమైనా లోపలుంటే ఆడుకోవచ్చు. దాటితే మాత్రం పోయిన బంతికి ఏ శిక్షో దీనికీ అదే. ఇంకో మాట. ఆటకు అడ్డుగా ఉందని ఆ గుంజను పీకకూడదు. పొలం గట్టున హద్దురాయి పీకితే ఊళ్ళో ఎంత పంచాయితీ అవుతుందో తెలిసినవాళ్ళకు ఈ రూల్‌ను విడమరచి చెప్పక్కర్లేదు.

నీళ్ళల్లో పడితే ఒకచోట శిక్ష, ఇంకోచోట మాఫీ... ఎందుకలా?

చెరువు, కాలువ, వాగు వంటివి కోర్సులో ముందు నుంచీ ఉన్నవే. అవి ఉన్నాయని తెలిసే కొడతారు. వాటిచుట్టూ ఎర్రగుంజలో పసుపుగుంజలో పాతుతారు. అందులో పడ్డ బంతిని అక్కడి నుంచే కొట్టగలిగితే శిక్షే లేదు. ప్యాంటు మడిచి నీళ్ళల్లో దిగి కొట్టేవాళ్ళు టీవీలో కనిపించేది అందుకే. కుదరదనుకుంటే ఒక స్ట్రోక్‌ కలుపుకుని బయట ఆడుకోవాలి. ఎర్రగుంజలున్నచోట, బంతి ఎక్కడ లోపలికి పోయిందో ఆ పక్కనే రెండు కర్రల దూరంలో వేసుకునే సౌలభ్యం అదనంగా ఉంటుంది. పసుపుగుంజల దగ్గర ఆ సౌలభ్యం లేదు.

నిన్నటి వాన ఈరోజు గుంతలో నిలిస్తే అది వేరే కథ. అది కోర్సులో భాగం కాదు, ఆటగాడి తప్పూ కాదు. అందుకే శిక్ష లేకుండా పక్కకు జరుపుకోవచ్చు. ఎలుకబొరియ, మరమ్మతులో ఉన్న నేల, సిమెంటు బాట, నీళ్ళు చిమ్మే గొట్టం... వీటికీ అదే మాఫీ. ‘తెలిసి దిగితే జరిమానా, తెలియక చిక్కితే మాఫీ’ అని గుర్తుంచుకుంటే సగం రూల్స్‌ వచ్చినట్టే.

‘రెండు కర్రల దూరం’ ఎలా కొలుస్తారు?

చిర్రగోనె ఆడినవాళ్ళకు ఈ ప్రశ్నే రాదు. గోనెతో ఎలా కొలుస్తారో అలాగే! ఆటగాడి సంచిలో ఉన్నవాటిలో పొడవైన కర్రను నేలమీద పరిచి కొలుస్తారు. కాకపోతే గుంట దగ్గర బంతిని మెల్లగా నెట్టడానికి వాడే ‘పుటర్‌’ కర్రతో కొలవకూడదు. కొలిచిన జాగాలో బంతిని మోకాలి ఎత్తు నుంచి నిట్టనిలువునా వదలాలి. గుంటకు మాత్రం దగ్గర కాకూడదు. 2019కి ముందు భుజం ఎత్తు నుంచి చెయ్యి చాపి వదిలేవారు. బంతి ఎటో దొర్లిపోయి మళ్ళీ మళ్ళీ వేయాల్సి వస్తోందని ఎత్తు తగ్గించారు. రెండుసార్లు వదిలినా జాగా దాటి దొర్లితే, రెండోసారి నేలను తాకినచోట చేత్తో పెట్టుకోవచ్చు.

రాయి అడ్డముంటే తీసేయొచ్చా?

ఎండుటాకు, విరిగిపడిన కొమ్మ, చీమలపుట్ట, రాయి... నేలకు అతుక్కోనివి ఏవైనా తీసేయొచ్చు. పెరుగుతున్న గడ్డిని, మొక్కను, భూమిలో పాతుకున్న బండను కదపకూడదు. తీసేటప్పుడు బంతి కదిలితే మాత్రం ఒక స్ట్రోక్‌ జరిమానా. బంతిని ఎక్కడిదక్కడ పెట్టాలి. గుంట చుట్టూ ఉండే నున్నటి ‘గ్రీన్‌’ మీద అయితే ఈ జరిమానా లేదు.

మరి ఎంతపెద్ద రాయిని తీయొచ్చు? గ్రానైటు క్వారీలున్న కరీంనగర్‌ వాళ్ళకు నచ్చే సంగతి ఒకటుంది. 1999లో అమెరికాలోని ఫీనిక్స్‌ ఓపెన్‌ చివరిరోజు టైగర్‌ ఉడ్స్‌ బంతి ఓ పెద్ద గుండు వెనక ఆగింది. టన్ను బరువుంటుందని చెప్పుకున్నారు. ‘ఇది నేలలో పాతుకుని లేదు కదా’ అని టైగర్‌ రిఫరీని అడిగాడు. లేదన్నారు. అంతే... చుట్టూ ఉన్న ప్రేక్షకులు ఓ పదిమంది ఒక్కపట్టు పట్టి గుండును పక్కకు దొర్లించారు! ఇది తొండి కాదా అని చాలా చర్చ జరిగింది. కాదనే తేల్చారు. రాయి ఎంత పెద్దదని రూల్‌ అడగదు. పాతుకుని ఉందా, లేదా అనే అడుగుతుంది.

కోతి బంతి ఎత్తుకుపోతే?

కొండగట్టు మెట్లమీద చేతిలోని కొబ్బరిచిప్ప పోగొట్టుకున్నవాళ్ళకు ఇది వేళాకోళం కాదు. రూల్స్‌లోనూ దీనికి తీవ్రమైన సమాధానమే ఉంది. ఆగి ఉన్న బంతిని కోతి, కుక్క, కాకి... ఏది కదిపినా, ఎత్తుకుపోయినా ఆటగాడికి శిక్ష లేదు. బంతి అంతకుముందు ఎక్కడుందో అక్కడే పెట్టి ఆడాలి. ఆ బంతి దొరక్కపోతే ఇంకో బంతి వాడొచ్చు. బంతి దొర్లుతూ కుక్కకు తగిలి పక్కకు పోయిందనుకోండి. గ్రీన్‌ మీద నుంచి కొట్టింది కాకపోతే, అది ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆడాలి. అదృష్టమైనా, దురదృష్టమైనా అంతే.

బ్రిటిష్‌ దీవులకు బయట అన్నిటికన్నా పాతదైన గోల్ఫ్‌ క్లబ్‌ మనదేశంలోనే ఉంది. 1829లో మొదలైన రాయల్‌ కలకత్తా గోల్ఫ్‌ క్లబ్‌ అది. వెనకటికి కలకత్తాలో ఆడే దొరలు కోతుల బాధ పడలేక ‘కోతి ఎక్కడ పడేస్తే అక్కడి నుంచే ఆడాలి’ అని రూల్‌ పెట్టుకున్నారని ఓ కథ ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా, ఏ ఊరి ఇబ్బందిని బట్టి ఆ ఊరి రూల్‌ పెట్టుకోవడం గోల్ఫ్‌లో మామూలే. ఉగాండాలోని జింజా క్లబ్‌లో నీటిగుర్రం అడుగుజాడలో పడ్డ బంతిని తీసుకోవచ్చన్న రూల్‌ ప్రసిద్ధం. రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌ దగ్గరి రిచ్‌మండ్‌ క్లబ్‌ వాళ్ళయితే, సరిగ్గా కొడుతున్నప్పుడే బాంబు పేలి దెబ్బ తప్పితే ఇంకో బంతి కొట్టుకోవచ్చన్నారు. అయితే ఒక స్ట్రోక్‌ జరిమానాతో! బాంబు పడ్డా జరిమానా తప్పలేదన్నమాట.

పక్కవాణ్ని సలహా అడగొచ్చా?

‘ఇక్కడ ఏ కర్రతో కొట్టినవే?’ అని పోటీలో ఉన్న తోటి ఆటగాణ్ని అడిగితే రెండు స్ట్రోకులు పోతాయి. అడిగినందుకు జవాబిస్తే వాడికీ రెండు పోతాయి. సంచి మోసే సహాయకుణ్ని, అంటే ‘కేడీ’ని మాత్రం ఏమైనా అడగొచ్చు. గుంట ఎంతదూరముంది, చెరువు ఎక్కడుంది వంటివి ఎవరినైనా అడగొచ్చు. కనిపించే సంగతి అడిగితే తప్పులేదు. తెలివిని అరువడిగితేనే తప్పు.

లెక్క తప్పు రాస్తే?

స్కోరు కార్డు రాసేది తోటి ఆటగాడు. సరిచూసి సంతకం పెట్టాల్సింది ఆటగాడే. ఏదైనా గుంటకు అసలుకన్నా తక్కువ రాసిన కార్డు ఇస్తే పోటీ నుంచే అవుట్‌. ఎక్కువ రాసినదానికి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం. అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజోకు 1968 మాస్టర్స్‌ టోర్నీలో ఇదే జరిగింది. 17వ గుంటను మూడింట్లో ముగిస్తే కార్డులో నాలుగని పడింది. చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఆ ఒక్క అంకెతోనే బాబ్‌ గోల్బీతో సమంగా నిలిచి మళ్ళీ తలపడే అవకాశం పోయింది. టైటిల్‌ గోల్బీకి దక్కింది. ఆ రోజు డి విసెంజో 45వ పుట్టినరోజు కూడా! కొట్టింది మూడేనని లక్షలమంది చూశారు. అయినా కార్డులో ఉన్నదే నిలిచింది.

ఇంతకీ ఇవన్నీ ఎవరు పెట్టారు?

రాతలో ఉన్న తొలి రూల్స్‌ 1744 నాటివి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో పక్కన లీత్‌లో ఆడేవాళ్ళు పోటీకోసం పదమూడంటే పదమూడు రాసుకున్నారు. ఇప్పుడు స్కాట్లాండ్‌లోని ఆర్‌ అండ్‌ ఏ, అమెరికా గోల్ఫ్‌ సంఘం కలిసి ప్రపంచమంతటికీ ఒకే నియమావళి ఇస్తున్నాయి. 2019లో దాన్ని బాగా సులువు చేసి 34 రూల్స్‌ను 24కు కుదించారు. గుంటలోని జెండాకర్ర తీయకుండానే గ్రీన్‌ మీద నుంచి బంతి నెట్టొచ్చన్నది అప్పుడు వచ్చిన మార్పే. గ్రీన్‌మీద పొరపాటున బంతి కదిలితే శిక్ష లేదన్నదీ అప్పుడే నియమావళికెక్కింది.

ఇన్ని రూల్స్‌ అమలయ్యాయో లేదో చూసేదెవరు? పెద్ద టోర్నీల్లో రిఫరీలుంటారు. కానీ 18 గుంటల మైదానమంటే మన ఊరి శివారంత. ప్రతి ఆటగాడి వెనకా ఒకరు తిరగలేరు. కొన్నాళ్ళు టీవీలో చూసినవాళ్ళే ఫిర్యాదులు చేశారు. 2017లో ఏఎన్‌ఏ టోర్నీలో అమెరికా అమ్మాయి లెక్సీ థాంప్సన్‌ బంతిని తీసి మళ్ళీ పెట్టేటప్పుడు చోటు కాస్త మారిందని ఓ ప్రేక్షకుడు మర్నాడు ఈమెయిల్‌ చేశాడు. తప్పుచోట ఆడినందుకు రెండు, తప్పు కార్డు ఇచ్చినందుకు రెండు... మొత్తం నాలుగు స్ట్రోకులు కలిపారు. ఆధిక్యంలో ఉన్న ఆమె చివరికి ప్లేఆఫ్‌లో ఓడింది. దానిమీద పెద్ద దుమారం రేగాక, 2018 నుంచి ప్రేక్షకుల ఫిర్యాదులు తీసుకోవడం మానేశారు.

అంటే... మళ్ళీ భారమంతా ఆటగాడి మీదే పడింది.

ఇసుకను తాకితే ఏమవుతుంది?

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమకపెట్టేది ఇసుకగుంట. దీన్ని ‘బంకర్‌’ అంటారు. ఇందులో పడ్డ బంతిని కొట్టేముందు ఇసుకను కర్రతో తాకి పరీక్షించకూడదు. బంతికి ముందూవెనకా ఆనించకూడదు. ఉత్తుత్తి ఊపులోనూ, కొట్టడానికి కర్రను వెనక్కి లాగేటప్పుడూ తగలనివ్వకూడదు. ఇసుక ఎంత మెత్తగా ఉందో తెలిసిపోతే సగం కష్టం తీరినట్టే కదా! తాకితే రెండు స్ట్రోకులు జరిమానా. కర్రను ఆసరాగా పట్టుకుని నిలబడితే తప్పులేదు. కోపంతో ఇసుకమీద ఓ దెబ్బ వేసినా తప్పులేదు. కోపాన్ని రూల్స్‌ క్షమిస్తాయి, లాభాన్ని క్షమించవు.

ఈ చిన్న రూలే ఓ తెలుగుబిడ్డకు ఎంత ఖరీదైందో వినాల్సిందే.

కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్‌ తీగల అమెరికా ప్రొఫెషనల్‌ గోల్ఫ్‌లో పేరున్న ఆటగాడు. తల్లిదండ్రులు హైదరాబాద్‌ నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు. ఇంటిపేరు వినగానే కరీంనగర్‌ పక్కనున్న తీగలగుట్టపల్లి గుర్తుకొస్తే అది పేరు పోలికే అనుకోండి. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్‌ చాంపియన్‌షిప్‌ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి టైటిల్‌ అందుకున్నాడు. ఆ మరుసటి ఏడాది సీజన్‌ ముగింపు టోర్నీ అయిన టూర్‌ చాంపియన్‌షిప్‌కు అర్హత సాధించాడు. అట్లాంటాలోని ఈస్ట్‌లేక్‌ మైదానంలో జరిగే ఈ పోటీకి ఏడాది పొడవునా రాణించిన ముప్ఫైమందికే చోటు.

2024 ఆగస్టు 31... మూడో రౌండు. మూడో గుంట దగ్గర సాహిత్‌ బంతి బంకర్‌లో పడింది. కర్ర వెనక్కి లాగి కొట్టాడు. కొట్టాక అతనికే అనిపించింది... కర్ర వెనక్కి పోయేటప్పుడు ఇసుక తగిలిందని. చప్పుడు రాలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే రిఫరీని పిలిచాడు. తగిలిందని చెప్పాడు. రెండు స్ట్రోకులు కలిపారు.

టోర్నీ ముగిసేసరికి స్కాటీ షెఫ్లర్‌ పార్‌కన్నా 30 తక్కువతో విజేత. కోలిన్‌ మొరికావా 26 తక్కువతో రెండు. సాహిత్‌ 24 తక్కువతో మూడు. ఆ రెండు స్ట్రోకులే లేకపోతే లెక్క ప్రకారం మొరికావాతో సమానం. రెండో బహుమతి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడోది 75 లక్షలు. సమానమైతే రెండూ కలిపి చెరిసగం... అంటే కోటి డాలర్లు. ఇసుక తగిలిందని ఒప్పుకున్నందుకు పోయింది పాతిక లక్షల డాలర్లు. అప్పటి మారకం లెక్కన మన డబ్బుల్లో ఇరవై కోట్ల రూపాయలకు పైమాటే!

గోల్ఫ్‌లో ఇలాంటిది కొత్తేమీ కాదు. దాదాపు వందేళ్ళ కిందట, 1925 యూఎస్‌ ఓపెన్‌లో బాబీ జోన్స్‌ కొట్టబోతుంటే గడ్డిలో బంతి రవ్వంత కదిలింది. చూసినవాళ్ళు లేరు. తనే చెప్పి ఒక స్ట్రోక్‌ వేయించుకున్నాడు. చివరికి విల్లీ మక్‌ఫర్లేన్‌తో సమమై, ప్లేఆఫ్‌లో సరిగ్గా ఒక్క స్ట్రోక్‌తో ఓడిపోయాడు. మెచ్చుకోబోయినవాళ్ళతో, బ్యాంకును దోచుకోలేదని మనిషిని పొగుడుతారా అన్నట్టు మాట్లాడాడంటారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అంపైర్‌ లేని ఆటకు ఇన్ని రూల్స్‌ ఎందుకంటే... అంపైర్‌ లేడు కాబట్టే! ఎదుటివాడి నోరు మూయించడానికి కాదు. ఎవరూ లేనిచోట ‘ఇప్పుడు ఏం చేయాలి’ అని తనను తాను అడిగినప్పుడు అనుమానం లేని జవాబు దొరకడానికి. రూలు తెలిస్తేనే కదా, తప్పు జరిగిందని తెలిసేది. తెలిశాక చెప్పడమా మానడమా అన్నది పుస్తకంలో ఉండదు.

దీనికి పచ్చగడ్డి మైదానమే కావాలని లేదు. వానాకాలం సెలవు పూట ఏ మానకొండూరులోనో, ఏ ఉట్నూరులోనో చిర్ర గాల్లోకి లేస్తుంది. చేతుల్లో పడ్డట్టే పడి జారిపోతుంది. “అవుటైనవ్‌!” అని జట్టంతా కేకలేస్తుంటే, పట్టబోయినవాడే “కాదురా... కింద పడ్డంకనే అందుకున్న” అంటాడు. సొంత జట్టు కాసేపు తిడుతుంది. కానీ ఆ రోజు ఎవరూ అలిగి ఇంటికి పోరు. పొద్దుగూకేదాకా ఆట సాగుతుంది.